పాత కారులో కొత్త సీటు బెల్టు పట్టేస్తోందా? ముందు కోణం చూడండి

పాతకాలపు కారుకు రీలుతో (పట్టీ చుట్టుకునే భాగంతో) కూడిన త్రీ పాయింట్ సీటు బెల్టు బిగించిన తరువాత ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఒకటే: ఎంత మెల్లగా లాగినా బెల్టు బయటికి రాదు. చాలామంది రీలే చెడిపోయిందని తీర్మానించి దానిని మార్చేస్తారు. ఆ పని చేసే ముందు రీలును విప్పి, తయారీదారు చెప్పిన స్థితిలో చేత్తో పట్టుకుని, బెల్టును నెమ్మదిగా లాగి చూడండి. నిమిషాల్లో అయిపోయే ఈ పరీక్షను దయచేసి మానకండి. చేతిలో సాఫీగా వస్తూ బండిలో మాత్రం పట్టేస్తుంటే, లోపం రీలులో లేదు, బిగించిన కోణంలో ఉంది.

రీలు లోపల ఒక చిన్న గుండు గానీ లోలకం గానీ ఉంటుంది. బండి వేగం ఒక్కసారిగా తగ్గినా, బండి బాగా ఒరిగినా అది కదిలి, చిన్న మీటను ఎత్తి పళ్లచక్రానికి అడ్డం వేస్తుంది. తయారీదారు చెప్పిన స్థితి నుంచి ఏ వైపు 12 డిగ్రీల వరకు వంగినా రీలు పట్టకూడదనీ, మామూలు రకమైతే 27 డిగ్రీలు దాటితే తప్పక పట్టాలనీ సీటు బెల్టులపై ఉన్న ఐక్యరాజ్యసమితి 16వ నిబంధన చెబుతోంది. పాత కార్ల డోరు స్తంభాలు లోపలికో వెనక్కో వాలి ఉంటాయి, వెనుక చక్రంపై రేకు గుండ్రంగా ఉంటుంది. రీలును వాటికి నేరుగా బిగిస్తే ఆ వాలు రీలుకూ వస్తుంది. అన్నిటికంటే మోసం చేసేది సగం తప్పిన కోణం. స్తంభం వాలే 10 డిగ్రీలు తినేసినా షెడ్డులో బెల్టు చక్కగా వస్తుంది, కానీ బండిని ఏటవాలు రోడ్డు మీద ఆపితే పట్టేయవచ్చు. బోల్టు బిగించేటప్పుడు దానితోపాటు రీలు కొద్దిగా తిరిగిపోవడం కూడా తరచూ జరిగేదే.

సరిచేయడానికి బండిని జాకీ మీద కాక చదునైన నేల మీద, దాని చక్రాలపైనే నిలపండి. రీలుతో వచ్చిన కాగితంలోని కోణాన్ని చూసి, కోణమానినిని రీలు చట్రానికి ఆనించి, ముందువెనుకలుగా, అడ్డంగా రెండు వైపులా కొలవండి. తేడాను ఆ రీలుకు సరిపడే బ్రాకెట్‌తో తీర్చాలే తప్ప వాషర్లు పేర్చకూడదు, ఎందుకంటే అప్పుడు బోల్టు మరలో దిగే పొడవు తగ్గిపోతుంది. రీలును ఒక చేత్తో కదలకుండా పట్టుకుని బోల్టు బిగించి, మళ్లీ కొలవండి. మూత విప్పి గుండు తీసేయడం మాత్రం ఎన్నడూ చేయకండి. బెల్టు తేలికగా వస్తుంది గానీ, ప్రమాదంలో మనిషిని ఆపవలసిన భాగమే లేకుండా పోతుంది.

బెల్టు తిరిగి చుట్టుకోకపోతే, పై కొక్కెం బోల్టు దగ్గర స్పేసరు (ఎడం ఉంచే ముక్క) తారుమారై పట్టీ తిరగడం లేదేమో చూడండి. పట్టీకి మురికి పడితే గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగండి, బ్లీచింగు వాడకండి. స్ప్రింగు విరగడం అరుదు, విరిగితే రీలు మార్చడమే.

తనిఖీకి వెళ్లేముందు బెల్టు చీటీపై వృత్తంలో ఇంగ్లీషు ‘E’ అక్షరమున్న ఆమోద ముద్ర చూసుకోండి. బిగించిన చోట రేకు తుప్పు పట్టి ఉంటే, కోణం ఎంత సరిగ్గా ఉన్నా ప్రయోజనం లేదు, ముందు ఆ రేకు మార్చి వెనుక బలపు పలక వేయించండి.