బీ కేటగిరీ ఎంబీబీఎస్ సీటు: చేరేముందు వేసుకోవాల్సిన లెక్క

డాక్టర్ల సంపాదన ఎంతని అడిగితే ఎవరి నోటికొచ్చిన అంకె వాళ్లు చెబుతారు. ఏ సీటు, ఎంత అప్పు, ఏ వయసులో చేతికి డబ్బు వస్తుంది అన్నవి తేలితేనే లెక్క కుదురుతుంది. తక్కువ ఫీజుండే కన్వీనర్ కోటా సీటు వచ్చినవాళ్లకు ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. బీ కేటగిరీకి, అంటే ప్రైవేటు కాలేజీల మేనేజ్‌మెంట్ కోటా సీటుకు మాత్రం తప్పదు.

ముందు కాలం చూడండి. చదువు నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ (ఇంటర్న్‌షిప్) ఏడాది. నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ ఏడాది, పీజీ ప్రిపరేషన్ మరో ఏడాది, ఎండీ మూడేళ్లు కలిపితే వయసు 28 దాటుతుంది. సూపర్ స్పెషాలిటీ అయిన డీఎం చేస్తే ఇంకో మూడేళ్లు.

ఇక అప్పు. ఉదాహరణకు ఏడాదికి 12 లక్షల ఫీజులో సగం ఇంట్లోది, సగం బ్యాంకుది అనుకుందాం. బ్యాంకు ఏటా 6 లక్షల చొప్పున ఐదు విడతల్లో 30 లక్షలు ఇస్తుంది. కోర్సు అయ్యాక ఏడాది వరకూ ఈఎంఐ ఉండదు కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. వడ్డీ మాత్రం మొదటి విడత నుంచే నడుస్తుంది. 10 శాతం సాధారణ వడ్డీ వేసినా ఆరున్నరేళ్లకు 13.5 లక్షలవుతుంది. కట్టడం మొదలుపెట్టేనాటికి బాకీ 43.5 లక్షలు. 15 ఏళ్లకు పెట్టుకుంటే నెలకు దాదాపు 46,700, పదేళ్లకైతే 57,500. చదివే రోజుల్లోనే వడ్డీ కట్టుకుంటూ పోతే బాకీ 30 లక్షల దగ్గరే ఆగుతుంది. విద్యారుణం వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే, అదీ ఎనిమిదేళ్లే.

ఆ ఈఎంఐ పక్కన స్పెషలిస్టు ఆదాయం రాయకండి. మీ జిల్లాలో మూడు ఆసుపత్రుల్లో ఎంబీబీఎస్ డ్యూటీ డాక్టరుకు ఎంతిస్తున్నారో కనుక్కుని అది రాయండి. జీతంలో సగం ఈఎంఐకే పోతుంటే అప్పు తగ్గించుకోవాలి, లేదా సీటు వదులుకోవాలి. పీజీలో చేరి గడువు పొడిగించుకున్నా ఆ బాకీ మీద ఏటా 4.35 లక్షల వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. పీజీ కూడా మేనేజ్‌మెంట్ కోటాలోనే అయితే ఆ ఫీజు వేరే. ఇళ్లలో ఎక్కువగా మర్చిపోయేది ఇదే.

బ్రాంచి కూడా లెక్క మారుస్తుంది. డెర్మటాలజీలో అర్ధరాత్రి పిలుపులు తక్కువ. సర్జన్‌కు పేరు రావడానికే ఏళ్లు పడుతుంది. రేడియాలజిస్టు సొంతంగా పెట్టుకోవాలంటే మెషిన్ ఖర్చుతో పాటు స్కానింగుకు పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి.

కాలేజీని రాతపూర్వకంగా అడగాల్సినవి: ఫీజు నాలుగున్నరేళ్లకా, ఐదేళ్లకా? మిగతా ఏళ్లకు బ్యాంకు గ్యారంటీ అడుగుతారా? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? హౌస్ సర్జన్లకు స్టైపెండ్ బ్యాంకు ఖాతాలో పడుతోందా? చివరి దానికి కాలేజీ చెప్పే జవాబు చాలదు, సీనియర్లనూ అడగండి.

విదేశీ సీటు చవకగా కనిపిస్తే, అక్కడ చదివొచ్చినవాళ్లు ఇక్కడ రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్ష గుర్తుంచుకోండి: 300కు 150 రావాలి, ఆపైన ఇక్కడ ఇంటర్న్‌షిప్ చేయాలి. తప్పిన ప్రతిసారీ ఆరు నెలల వడ్డీ, ఆరు నెలల జీతం రెండూ పోతాయి.