కోర్సుకు అడ్వాన్సు కట్టే ముందు 20 ఉద్యోగ ప్రకటనలు చదవండి

బీటెక్‌లో సీటు వచ్చిన వారం నుంచే మొదలవుతుంది: పైథాన్ నేర్పించండి, కాదు జావా, కాదు ఏఐ. పెళ్లికెళ్లినా ఇదే గోల. మేమూ అమ్మాయి కోసం అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సుకు అడ్వాన్సు కట్టబోయి, ఆగి ఈ పని చేశాం. ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోయింది.

నౌక్రీలోనో లింక్డ్ఇన్‌లోనో హైదరాబాద్ అని, ఫ్రెషర్ అని పెట్టి ఒకే రకం ఉద్యోగానికి 20 ప్రకటనలు తెరవండి. అడిగిన ప్రతి నైపుణ్యం నోట్‌బుక్‌లో రాసి, మళ్లీ కనిపించినప్పుడల్లా పక్కన ఒక గీత గీయండి. 10 గీతలు దాటినవే ఉంచండి. (ఈ పని పిల్లలతోనే చేయించండి. నేను గీస్తుంటే మా అమ్మాయి ఫోన్ చూసుకుంటూ కూర్చుంది.)

తర్వాత యూనివర్సిటీ సిలబస్ పక్కన పెట్టుకోండి. జేఎన్‌టీయూది వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. ఏది ఏ సెమిస్టర్‌లో ఉందో రాయండి. మేం డబ్బు కట్టబోయిన ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లతో పనిచేసే భాష) రెండో ఏడాది డీబీఎంఎస్ అనే డేటాబేస్ సబ్జెక్టులోనే ఉంది! సిలబస్‌లో లేనివాటిని ముందు ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైట్) వెతకండి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. అక్కడా దొరక్కపోతే అప్పుడు కోచింగ్ సంగతి.

సర్కారు కొలువే లక్ష్యమైతే మాత్రం ఈ లెక్క పనికిరాదు. సివిల్, మెకానికల్ వాళ్లలో చాలామందిది అదే దారి. వాళ్లు ప్రకటనలు వదిలేసి, పాత టీజీపీఎస్సీ (తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్) అసిస్టెంట్ ఇంజినీర్ నోటిఫికేషన్, ఇంజినీర్లు రాసే గేట్ పరీక్ష సిలబస్ ముందేసుకుని గీతలు గీసుకోవాలి.