ప్లగ్‌లోనే ఉండే ల్యాప్‌టాప్: బ్యాటరీ సమస్యలు, పరిష్కారాలు

సమస్య: ఫుల్ చార్జ్ చేసినా గంటలోనే అయిపోతోంది

బ్యాటరీ నిజంగానే అరిగిందా, లేక ఏదైనా ప్రోగ్రామ్ తినేస్తోందా అన్నది ముందు తేల్చుకోవాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి powercfg /batteryreport అని టైప్ చేసి బ్యాటరీ రిపోర్ట్ తీస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది 50,000, రెండోది 30,000 అనుకుందాం. స్క్రీన్ మీద 100% అని ఉన్నా, ఇప్పుడు పట్టే చార్జ్ కొత్తలో పట్టినదానిలో 60 శాతమే. రెండూ దగ్గరగా ఉంటే బ్యాటరీ బాగానే ఉన్నట్టు. అప్పుడు ఏ ప్రోగ్రామ్ తినేస్తోందో టాస్క్ మేనేజర్‌లో వెతకండి.

కారణం: చాలామంది ఓవర్‌చార్జ్ అవుతుందేమోనని టెన్షన్ పడతారు. ఆ భయం అక్కర్లేదు, నిండగానే సర్క్యూటే చార్జింగ్ ఆపేస్తుంది. అసలు చేటు రోజుల తరబడి 100 దగ్గరే ఉంచడం వల్ల. బ్యాటరీ లోపల ఉండే సాధారణ లిథియం అయాన్ సెల్ నిండినప్పుడు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ స్థాయిలో లోపలి రసాయన చర్యలు వేగంగా జరిగి, కొంత లిథియం శాశ్వతంగా పనికిరాకుండా పోతుంది. దీనికి వేడి తోడైతే నష్టం ఇంకా ఎక్కువ. ప్లగ్ తీయకుండా, పరుపు మీద పెట్టి వాడే ల్యాప్‌టాప్‌కు ఈ రెండు దెబ్బలూ తగులుతాయి.

పరిష్కారం: చార్జ్‌ను 80 దగ్గర ఆపండి. నా లెక్కలో మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే. లెనోవో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్, ఆసుస్ వాళ్ల మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ కేర్ ఆప్షన్ ఉంటాయి. డెల్‌లో ‘ప్రైమరీలీ ఏసీ యూజ్’ ఎంచుకోవాలి. హెచ్‌పీ బిజినెస్ మోడళ్లలో బయోస్ (విండోస్ మొదలవక ముందే తెరుచుకునే మెనూ) సెట్టింగ్స్‌లో చూడండి. ప్రయాణం ఉన్న రోజు 100కి పెంచుకున్నా ఏం కాదు. పోయిన కెపాసిటీ మాత్రం తిరిగి రాదు, ఇకపై తరుగుదల నెమ్మదిస్తుందంతే.

సమస్య: 80 దాటి ఎక్కడం లేదు

చాలాసార్లు ఇది పైన చెప్పిన లిమిట్ ఆన్‌లో ఉండటం వల్లే. కొన్ని మోడళ్లలో 60 దగ్గరే ఆగుతుంది. ల్యాప్‌టాప్ బాగా వేడెక్కినా చార్జింగ్ ఆగవచ్చు, కాస్త చల్లారనిచ్చి చూడండి.

సమస్య: 30% ఉండగానే టక్కున ఆఫ్ అవుతోంది

శాతం లెక్క తప్పి ఉండవచ్చు. ఒకసారి 100 వరకు చార్జ్ చేసి, ల్యాప్‌టాప్ దానంతట అది ఆగేదాకా వాడి, మళ్లీ నింపండి. ఈ పని అలవాటుగా చేయకండి, పూర్తిగా ఖాళీ చేయడమూ సెల్‌కు మంచిది కాదు. అయినా ఆగిపోతుంటే సెల్ బలహీనపడింది, బ్యాటరీ మార్చాల్సిందే.

సమస్య: టచ్‌ప్యాడ్ పైకి లేచింది, మూత సరిగా మూసుకోవడం లేదు

బ్యాటరీ ఉబ్బిందేమో. ఇక్కడ సెట్టింగ్స్ ఏవీ పనిచేయవు. వెంటనే ప్లగ్ తీసి, ఆఫ్ చేసి, వాడటం మానండి. నొక్కి సరిచేయాలని చూడకండి. లోపల గ్యాస్ చేరి ఉంటుంది, చిల్లు పడితే మంట అంటుకోవచ్చు. మండే వస్తువులకు దూరంగా పెట్టి, సర్వీస్ వాళ్లతోనే తీయించండి. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.