ప్యాటర్న్ ప్లేన్ కడుతున్నారా, మిక్సింగుల జోలికి చివర్లో వెళ్లండి

బెంగళూరులో ఆర్‌సీ ఏరోబాటిక్స్ (రిమోట్‌తో మోడల్ విమానాలు నడిపి విన్యాసాలు చేయడం, దానికి కట్టేదే ప్యాటర్న్ ప్లేన్) మొదలెట్టిన మనవాళ్లలో చాలామంది మొదటి ఫ్లైట్ అవ్వగానే ట్రాన్స్‌మిటర్ మెనూలో దూరిపోతారు, నైఫ్ ఎడ్జ్‌లో (రెక్కలు నిలువుగా పెట్టి ఎగరడం) పక్కకి లాగుతోందని ఒక మిక్స్ (ఒక కంట్రోల్ కదిపితే ఇంకోటి తనంతట కదిలే సెట్టింగ్), లూప్ వంకరపోతోందని ఇంకో మిక్స్, చివరికి ఏది దేనికి పెట్టారో వాళ్లకే గుర్తుండదు. వంకర చెక్కలో ఉంటే రేడియోలో దాచలేం అండీ, దాచినా ఒక స్పీడ్ దగ్గరే దాగుద్ది. ముందు కట్టడం, తర్వాత బ్యాలెన్స్, తర్వాత మోటార్ కోణం, మిక్స్ ఆఖరున.

కట్టేటప్పుడు తోక దగ్గర సరిగ్గా మధ్యలో ఒక గుండుపిన్ను గుచ్చి, సాగని దారం కట్టి రెండు రెక్కల చివర్లకీ లాగి కొలవండి. 2 మి.మీ. కన్నా తేడా ఉంటే జిగురు పెట్టకుండా వింగ్ కూర్చునే చోట శాండ్‌పేపర్ పట్టండి. ఎలివేటర్‌ని (తోక మీద ముక్కుని పైకీ కిందకీ తిప్పే పలక) వేలితో కదిపి చూడండి, దాన్ని కదిపే కడ్డీ లింకేజ్‌లో కాస్త లూజు తెలిసినా అది సరిచేసేదాకా ముందుకెళ్లొద్దు. పలక కీలు దగ్గర సందుకి (హింజ్ గ్యాప్) ట్రాన్స్‌పరెంట్ టేప్ వేస్తే గాలి లీకవదు.

ఫిల్మ్ (చెక్క మీద వేడితో అంటించే పల్చని ప్లాస్టిక్ కవరింగ్) వేసే పని ఇక్కడ సీజన్ చూసి పెట్టుకోవాలి. వానల్లో బాల్సా చెక్క తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, అప్పుడు కవరింగ్ వేస్తే ఫిబ్రవరి మార్చి ఎండకి చెక్క ఆరి కుంచించుకుపోయి ఫిల్మ్ అంతా ముడతలు పడుద్ది, మళ్లీ ఐరన్ పట్టుకోవాల్సిందే. ఐరన్‌కి పాత కాటన్ సాక్స్ తొడగండి, గీతలు పడవు. ముందు కింద వైపు వేసి ఆ తర్వాత పై వైపు వేయండి, అంచు ఓ 5 మి.మీ. కింద ఫిల్మ్ మీదకి ఎక్కాలి. ముందు తక్కువ వేడితో అంచులు అంటించాక మాత్రమే మధ్యలో హీట్ గన్. తోక మీద రంగులు, స్టిక్కర్లు ఎక్కువైతే ముక్కులో సీసం పెట్టాల్సొస్తుంది, అందుకని అక్కడ పిసినారితనం మంచిదే.

ఎగరేసేముందు డిజిటల్ స్కై మ్యాప్ (ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ మ్యాప్) చూడండి. యెలహంక, జక్కూరు, హెచ్ఏఎల్, దేవనహళ్లి ఇన్ని ఎయిర్‌ఫీల్డులు ఉన్న ఊరు ఇది, ఎయిర్‌పోర్ట్ దగ్గర్లో ఎక్కడంటే అక్కడ ఎగరేస్తే కుదరదు. ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పల్చన, చెన్నై వాళ్లు చెప్పిన ప్రాప్ (ప్రొపెల్లర్) సైజ్ ఇక్కడ కాస్త చప్పగా అనిపిస్తుంది. ఒక అంగుళం పెంచి వాట్‌మీటర్‌తో కరెంట్ చూస్కోండి, ఈఎస్‌సీ (మోటార్ స్పీడ్ కంట్రోలర్) లిమిట్ దాటకూడదు.

ఇక ట్రిమ్మింగ్, అంటే ఎగరేసి చూసి సరిచేసుకోవడం. పొద్దున్నే గాలి లేనప్పుడు 45 డిగ్రీల లైన్‌లో పైకి పంపి, సగం రోల్ చేసి తలకిందులుగా వదిలేయండి. ముక్కు గబుక్కున నేలవైపు వాలితే ముక్కు బరువెక్కువ, పైకి లేస్తే తోక బరువెక్కువ, కొంచెం నెమ్మదిగా వాలితే చాలు. బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపి సరిచేయండి. తర్వాత ఫుల్ థ్రాటిల్‌లో నిట్టనిలువుగా పైకి. ఎడమకి వెళ్తుంటే రైట్ థ్రస్ట్ (మోటార్‌ని కాస్త కుడికి తిప్పే కోణం) చాలట్లేదని అర్థం, వెనక నుంచి చూసినప్పుడు మోటార్ మౌంట్ ఎడమవైపు బోల్టుల కింద ఒక పల్చని వాషర్ వేయండి, ఎస్పీ రోడ్‌లో దొరుకుతాయి. ఒకసారికి ఒకటే మార్పు.

ఇవన్నీ అయ్యాక నైఫ్ ఎడ్జ్. రడ్డర్ (తోకలో ముక్కుని కుడి ఎడమలకి తిప్పే నిలువు పలక) ఇచ్చినప్పుడు చక్రాల వైపు లాగితే రడ్డర్‌కి కాస్త అప్ ఎలివేటర్ మిక్స్, కానోపీ (పైనున్న కాక్‌పిట్ మూత) వైపు లాగితే డౌన్. రెండు శాతంతో మొదలెట్టండి.

ఎఫ్3ఏలో (ప్యాటర్న్ పోటీల అంతర్జాతీయ క్లాస్) మీ ముందు దాదాపు 150 మీటర్ల దూరంలో, అటూ ఇటూ 60 డిగ్రీలు, పైకి 60 డిగ్రీలు ఉన్న బాక్స్‌లోనే అంతా చేయాలి. జూన్, జూలై నెలల్లో పడమటి గాలి తోసేస్తుంటే రెక్క వాల్చొద్దు, రడ్డర్‌తో ముక్కుని గాలిలోకి తిప్పి లైన్ నిలబెట్టండి. ఇంటికొచ్చాక లైపో బ్యాటరీని సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర స్టోరేజ్‌లో పెట్టి అప్పుడు టిఫిన్ చేయండి.