వాడే ముందు సీసాను ఎందుకు కుదపాలి, ఎలా కుదపాలి

పచ్చిమిర్చి సాస్ సీసాను నాలుగు రోజులు కదపకుండా ఉంచి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. పైన పలచని పచ్చనీరు తేరుకుని ఉంటుంది; దాని కింద చిక్కని గుజ్జు, అట్టడుగున ఒకటి రెండు గింజలు కనబడతాయి. ఆ స్థితిలోనే సీసాను నూడుల్స్ మీద వంచితే ముందుగా పడేది పుల్లని వినెగర్ నీరే. అలా వాడుతూ పోతే పులుపంతా ముందే ఖర్చయిపోయి, చివరికి సీసాలో మూతి దాటి రాని ఘాటైన ముద్ద మిగులుతుంది. మొదటి చెంచాకూ చివరి చెంచాకూ ఒకే రుచి ఉండాలన్నదే కుదపడంలోని అసలు ఉద్దేశం. పిల్లలకు పట్టే కొన్ని మందు సీసాల మీద కూడా ఇదే సూచన ఉంటుంది. అక్కడ రుచికి బదులు మోతాదు తేడా వస్తుంది కనుక దాన్ని మరింత శ్రద్ధగా పాటించాలి.

మిరప గుజ్జు రేణువులు వినెగర్‌లో కరగవు, తేలుతూ మాత్రమే ఉంటాయి. నీటికన్నా కొంచెం బరువైనవి కనుక క్రమంగా అడుగుకు చేరతాయి. రేణువు రెండింతలు పెద్దదైతే సుమారు నాలుగింతల వేగంతో దిగుతుంది కాబట్టి, ఇంట్లో మిక్సీలో బరకగా రుబ్బిన సాస్ కంపెనీ సాస్ కన్నా త్వరగా విడిపోతుంది. సీసా మీది చీటీలో స్టెబిలైజర్ 415 అని ఉంటే అందులో జాంథన్ గమ్ అనే బంక కలిపారని అర్థం. ఆ బంక ద్రవాన్ని చిక్కబరచి రేణువులు దిగకుండా చాలాకాలం పట్టి ఉంచుతుంది. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, ఏవరీ దీవిలో 1868లో మొదలైన టబాస్కో ఎర్ర సాస్‌లో మిరప, ఉప్పు, వినెగర్ తప్ప మరేమీ ఉండవు. కనుక అది పొరలుగా విడిపోతే నాణ్యత తగ్గిందని అనుమానించనక్కరలేదు.

టమాటా కెచప్ సంగతి కొంత వేరు. టమాటాలోని సన్నని పీచు తునకలూ పెక్టిన్ అనే పదార్థమూ కలిసి నీటిని పట్టి ఉంచే అల్లికలా ఏర్పడతాయి. రోజులు గడిచేకొద్దీ ఆ అల్లిక బిగుసుకుని, తోడుకున్న పెరుగు మీద నీరు తేరినట్లే, కొంత పలచని నీటిని బయటికి వదులుతుంది. దోసె పక్కన ముందుగా ఒలికేది ఆ నీరే. పైగా కెచప్‌కు కదలనంతసేపు గట్టిగా నిలిచి, బలంగా కదిలిస్తే పలచబడే గుణం ఉంది. గాజు సీసాను తలకిందులుగా పట్టుకుని ఎంతసేపు వేచి చూసినా రానిది, మూత బిగించి నాలుగుసార్లు గట్టిగా కుదిపిన తరువాత సాఫీగా జారడానికి ఇదే కారణం.

సలాడ్ మీద పోసుకునే నూనె, వినెగర్ మిశ్రమం అన్నిటికన్నా త్వరగా విడిపోతుంది. లీటరు నువ్వుల నూనె సుమారు 920 గ్రాములు తూగుతుంది, లీటరు నీరు వెయ్యి గ్రాములు. అందుకే నూనె ఎప్పుడూ పైనే ఉంటుంది. కుదిపినప్పుడు అది సన్నని బిందువులుగా చెదిరి, కొద్ది నిమిషాల్లో మళ్లీ ఒకటవుతుంది. అర చెంచా ఆవపిండి కలిపితే ఆ కలయిక మరికొంతసేపు నిలుస్తుంది. ఎలాగైనా ఇటువంటి మిశ్రమాన్ని కుదిపిన వెంటనే పోసుకోవాలి.

ఇక కుదిపే పద్ధతి. ముందు మూత తీసి చూడాలి. బూజు కనబడినా, దుర్వాసన వచ్చినా, మూత ఉబ్బి ఉన్నా, తీయగానే బుస్సుమని గాలి వచ్చినా ఆ సీసాను పారవేయాలి. కుదిపితే బూజు లోపల కలిసిపోయి మరి కంటికి కనబడదు. బాగానే ఉంటే మూతను బిగించి, దాని మీద బొటనవేలు ఆనించి, ముఖానికి దూరంగా పట్టుకుని కుదపాలి. మా ఇంట్లో ఒకసారి మూత సరిగా బిగిసిందో లేదో చూడకుండా కుదిపినందువల్ల మిర్చి సాస్ పిల్లవాడి కంట్లో పడి చాలాసేపు విలవిలలాడాడు. అప్పటినుంచి ఈ జాగ్రత్తను నేను ఎవరికైనా ముందుగా చెబుతాను.

కొత్త సీసా మూతిదాకా నిండి ఉంటే ఎంత ఊపినా లోపల ఏమీ కదలదు, ఎందుకంటే ద్రవం అటూ ఇటూ పొర్లడానికి ఖాళీ ఉండాలి. అటువంటప్పుడు సీసాను తలకిందులు చేసి, అడుగున ఉన్న గుజ్జు జారేదాకా ఆగి, మళ్లీ నిలబెట్టి, ఇలా ఏడెనిమిదిసార్లు తిప్పడం మంచిది. కుదిపిన తరువాత అడుగును ఒకసారి వెలుగులో చూసి, అంటుకున్న మడ్డి మిగిలి ఉంటే మళ్లీ తిప్పాలి.

వినెగర్‌ను, సోయా సాస్‌ను సాధారణంగా కుదపనవసరం లేదు, వాటిలో రుచినిచ్చేవన్నీ దాదాపుగా ద్రవంలో కరిగే ఉంటాయి. మయొనైజ్‌లో నూనె బిందువులు కిక్కిరిసి ఉండి వాటంతటవి విడిపోవు. గడ్డకట్టి కరిగినందువల్ల విడిపోతే కుదిపినా అతకదు.

మన ఆవకాయను మాత్రం కుదపకూడదు, కలపాలి. అందులోనూ నూనె పైకి తేలి, ఆవపిండీ కారమూ ఉప్పూ అడుగుకు చేరతాయి. మూడో రోజున తిరగ కలపడం మనకు అలవాటైనదే, కాని వాడకంలో ఉన్న జాడీకి కూడా అది అవసరం. లేకపోతే పై ముక్కలకు నూనె, కింది ముక్కలకు ఉప్పు ఎక్కువవుతాయి. విదేశాల్లోని పిల్లలకు సీసాల్లో పెట్టి పంపే ఆవకాయను వారు సాస్ లాగా కుదిపితే ముక్కలు నూనె పైకి వచ్చి గోడలకు అంటుకుంటాయి, మూత అంచులోనుంచి నూనె కారుతుంది. తడి లేని పొడవాటి చెంచాను అడుగుదాకా దింపి, కింది పిండిని మెల్లగా పైకి తేవాలి. కావలసినంత తీసుకున్నాక ముక్కలను చెంచా వెనుకవైపుతో అదిమి, నూనె వాటిని కప్పిన తరువాతే మూత పెట్టాలి.