నచ్చిన మాటలు దాచుకోవడం: ఊరూ పేరుతో సహా

నచ్చిన మాట కనబడగానే రాసేసుకుంటాం. తంటా పదేళ్ల తర్వాత వస్తుంది. ఎవరన్నారు? ఎక్కడ చదివాం? అందుకే మాట కిందే నాలుగు వివరాలు అప్పటికప్పుడు పడాలి: అన్నవాళ్ల పేరు, పుస్తకం, పేజీ, రాసుకున్న తేదీ. ముద్రణ మారితే పేజీ మారుతుంది కాబట్టి పుస్తకం పక్కన ముద్రణ ఏడాది కూడా వేయాలి. వాట్సాప్‌లో వచ్చిన మాటైతే పేరు పక్కన పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టండి. ‘నువ్వు కోరే మార్పు నువ్వే కావాలి’ అన్నది గాంధీ పేరుతో తిరుగుతోంది గానీ, ఆయన రచనల్లో ఆ రూపంలో ఎక్కడా దొరకదు.

వేమన సంగతి మరీను. చివర ‘విశ్వదాభిరామ’ తగిలిస్తే చాలు, ఏదైనా ఆయనదైపోతుంది. దీనికి గణాలు, అంటే పాదంలోని అక్షరాల గుంపులు, కట్టి చూడటం మంచి జల్లెడ. వేమన పద్యాల్లో ఎక్కువగా కనిపించే ఛందస్సు ఆటవెలది. అందులో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (ఇవి కాస్త పొడవైనవి). 2, 4 పాదాలకు అయిదూ సూర్యగణాలే. సూర్యగణమంటే ఒక గురువు (సాగదీసి పలికే అక్షరం), ఒక లఘువు (పొట్టిగా పలికే అక్షరం). లేదా మూడు లఘువులు. ‘చూడ చూడ రుచుల జాడ వేరు’ను విడదీయండి: చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. ఇందులో ‘రుచుల’ మూడు లఘువులు, మిగతావన్నీ గురువు, లఘువు. దీన్నే ‘చూస్తే రుచుల జాడ వేరు’ అని గుర్తుపెట్టుకున్నారంటే మొదట్లోనే గణం తప్పి దొరికిపోతుంది. అయితే గణాలు కుదిరినంత మాత్రాన పద్యం వేమనది కాదు, ఆటవెలది కట్టగలవాళ్లు చాలామందే ఉన్నారు. అచ్చు ప్రతి చూడాల్సిందే. తెలుగు పుస్తకాలు సేకరించి అచ్చు వేయించిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ 1829లో ఒకసారి, 1839లో మరిన్ని పద్యాలతో ఇంకోసారి వేమనను అచ్చు వేయించాడు. ప్రతికీ ప్రతికీ పాఠం తేడా కనిపిస్తే రెండూ రాసుకోండి.

అందుకే నోటుబుక్కులో కుడి పేజీలోనే రాయాలి. ఎడమ పేజీ పాఠాంతరాలకు, దిద్దుబాట్లకు. గట్టి అట్ట ఉన్న 200 పేజీల పుస్తకం తీసుకుని, పేజీలకు నంబర్లు వేసి, మొదటి 8 పేజీలు విషయసూచికకు వదిలేయండి. పేపరు కటింగులు అంటించొద్దు. ఆ కాగితం పసుపెక్కి పెళుసవుతుంది, సెల్లోటేపు మరక పక్క పేజీకీ దిగుతుంది. జిరాక్స్ తీయించండి, లేదా చేత్తో ఎత్తి రాయండి.

ఫోన్‌లో దాచేవాళ్లు స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోకుండా మాటను టైపు చేసుకోవాలి, అదీ యూనికోడ్‌లో. యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలోంచి నేరుగా కాపీ చేస్తే పిచ్చి గుర్తులు మిగులుతాయి. ఇంకో చిక్కు: ‘కప్పురంబు’ అని ఉన్న పద్యం ‘కర్పూరం’ అని వెతికితే దొరకదు. ప్రతి మాట కింద వాడుక భాషలో రెండు మూడు పదాలు చేర్చండి: ఉప్పు, కర్పూరం, మనుషుల్లో తేడా. కాగితం సూచికలోనూ వేయాల్సినవి ఇవే. పద్యం ఎత్తుగడ మరిచిపోయినా అందులోని ఉప్పు గుర్తుంటుంది.