పొద్దున సెల్ఫ్ తీసుకోని కారు: కొత్త బ్యాటరీ కొనే ముందు చూడాల్సినవి

రాత్రి బాగానే నడిచిన కారు పొద్దున సెల్ఫ్ కొడితే టకటకమంటుంది. ఇంకో బండి బ్యాటరీ నుంచి జంపర్ వైర్లు వేస్తే స్టార్ట్ అవుతుంది, రెండు మూడు రోజులకు మళ్ళీ అదే కథ. అనంతపురంలో ఇలా నా దగ్గరికి వచ్చే కార్లలో చాలావాటికి అప్పటికే కొత్త బ్యాటరీ పడి ఉంటుంది. పాతదాన్ని చంపింది ఏదో తెలుసుకోకుండా కొత్తది వేస్తే దానికీ అదే గతి.

ముందు బ్యాటరీ మీద వైర్లు బిగించే టెర్మినల్స్ చేత్తో తిప్పి చూడండి. దయచేసి చూడండి. కదిలితే 10 నంబర్ స్పానర్‌తో బిగించండి. తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే, నల్ల వైరు ముందు, ఎర్ర వైరు తర్వాత విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరాక బిగించండి. నల్ల వైరు రెండో కొస బాడీకి బిగించిన చోట తుప్పు ఉందేమో కూడా చూడాలి.

తర్వాత మల్టీమీటర్‌తో (వోల్టులు, కరెంటు కొలిచే మీటర్) బ్యాటరీని చూడండి. బండి కొన్ని గంటలు ఆగాక 12.6 వోల్టులు ఉంటే ఫుల్ ఛార్జ్, 12.2 అంటే సగం. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 రావాలి. కొన్ని కొత్త కార్లలో తక్కువ చూపించినా హెడ్‌లైట్లు వేస్తే పెరుగుతుంది. అప్పుడూ 13 దాటకపోతే బెల్టు, దాంతో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ చూపించుకోండి.

ఇవన్నీ బాగున్నా బ్యాటరీ దిగిపోతోందా? అయితే ముందు బయట బిగించిన స్టీరియోని అనుమానించండి. దాని వెనక పసుపు వైరుకి ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎర్ర వైరుకి తాళం తిప్పితేనే రావాలి. తొందరలో బిగించేవాళ్ళు రెండూ కలిపి మెలిపెట్టి టేపు చుట్టేస్తారు. పాట ఆగుతుంది, స్క్రీన్ నల్లబడుతుంది, లోపల మాత్రం సెట్టు మేలుకునే ఉంటుంది. బండి ఆపి అన్నీ పడుకున్నాక బ్యాటరీ నుంచి మామూలుగా లాగేది 0.05 ఆంపియర్ లోపే. ఇది 0.4 లాగిందనుకోండి, 35 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీ రెండు రోజుల్లో సగమవుతుంది. రోజూ నడిపే బండిలో ఇది బయటపడదు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ కారు ఇంటి దగ్గర వదిలి వెళ్ళేవాళ్ళకి శనివారం పొద్దున తెలుస్తుంది.

దీన్ని పట్టుకోవడంలో ఒక మెలిక ఉంది. నల్ల వైరు విప్పి మధ్యలో మీటర్ పెడితే, ఆ విప్పడంతోనే స్టీరియో రీసెట్ అయి ఒక్కోసారి బుద్ధిగా పడుకుంటుంది. రీడింగ్ సరిగ్గా వస్తుంది, మెకానిక్ ‘అంతా ఓకే’ అంటాడు. అందుకే ఇలా చేయండి: ఎప్పటిలాగే పాటలు పెట్టి, బండి ఆపి, డోర్లు వేసి, బానెట్ మాత్రం తెరిచి అరగంట వదిలేయండి. తాళం దూరంగా పెట్టండి. మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, దాని వైర్ల కొసన ఉండే ముల్లుల్లో ఒకటి బ్యాటరీ నెగటివ్ పోస్టుకి, ఇంకోటి నల్ల వైరు క్లాంపుకి ముందే తగిలించి, ఆ తర్వాతే క్లాంపుని పైకి లేపండి. కరెంటు తెగకుండా మీటర్‌లోకి మళ్ళుతుంది. ఈ స్థితిలో డోర్ తీయొద్దు, సెల్ఫ్ అసలే కొట్టొద్దు, మీటర్ ఫ్యూజ్ పోతుంది.

రీడింగ్ ఎక్కువగా ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకండి. ఫ్యూజ్ బాక్సు కారు లోపలుంటే, అరగంట వదిలే ముందే ఆ డోర్ తెరిచి, దాని లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి తోసి పెట్టుకోవాలి, డోర్ మూసే ఉందని బండి అనుకుంటుంది. ఆడియో ఫ్యూజ్ తీయగానే అంకె పడిపోతే దొంగ దొరికినట్టే. ఎర్ర వైరు విడదీసి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకి కలపండి. ఆంప్లిఫయర్ ఉంటే దాని నీలం వైరు స్టీరియో నుంచే రావాలి, నేరుగా బ్యాటరీ నుంచి కాదు.

డిక్కీ లైటు ఆరడం లేదని అనుమానమైతే ఫోన్లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూయండి. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఇరుక్కోవడం, ఆల్టర్నేటర్ డయోడ్ లీకవడం ఉన్నాయి కానీ అరుదు. ఎలుక కొరికిన వైరు సాధారణంగా వెతికితే కనిపిస్తుంది.

లీకు ఆపాక బ్యాటరీని ఛార్జర్ మీద రాత్రంతా నెమ్మదిగా ఎక్కించండి. పూర్తిగా దిగినదాన్ని ఊళ్ళో నాలుగు తిప్పులు తిప్పితే నిండదు. మూతలున్న రకమైతే, ఛార్జింగ్ అయ్యాక డిస్టిల్డ్ వాటర్ గీత వరకు పోయండి, మన ఎండలకు అది త్వరగా తగ్గుతుంది. ఆ తర్వాత లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగినా బ్యాటరీ నిలబడుతుందో లేదో చూసే పరీక్ష) చేయించి, ఫెయిలైతేనే కొత్తది కొనండి.